ఏ గూడూరు? ఏ నిమ్మ?

తెలుగునాట గూడూరు అను పేరుగల ఊళ్లు పెక్కు కలవు. నిమ్మకాయల బజారునకును, అభ్రకపు గనులకును పేరువడసిన మా నెల్లూరు సీమ గూడూరు ఒకటి. కర్నూలు జిల్లాలో ఒకటి, కృష్ణా జిల్లాలో బందరు చెంత ఒకటి, తెలంగాణమున మహబూబాబాదు జిల్లాలో మరియొకటి కలవు. కవరుమీద జిల్లా పేరు వ్రాయనిచో ఉత్తరము ఏ గూడూరునకు చేరునో చెప్పలేము. ఇట్టి చిక్కే నేడు విశ్వవిద్యాలయముల పరిశోధనలకును వచ్చినది. అది యెట్టిదో ముచ్చటించుకొందము.

ఒకప్పుడు పిహెచ్.డి. పట్టమునకై సమర్పించిన సిద్ధాంత వ్యాసము బైండు చేయబడి గ్రంథాలయపు బీరువాలో నుండెడిది. చూడగోరిన వారు తిరుపతికో, వాల్తేరుకో పయనము కావలసినదే. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2009లో చేసిన నిబంధనలు ఈ స్థితిని మార్చినవి. ప్రతి వ్యాసమునకును ఎలక్ట్రానిక్ ప్రతి నొకదానిని విశ్వవిద్యాలయము అందజేయవలెనని అవి విధించినవి. గాంధీనగరములోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము ఇందుకై ‘శోధగంగ’ అను డిజిటల్ భాండాగారమును నడుపుచున్నది. ఫోనులో ఇంటర్నెట్ ఉన్నచో గూడూరులో కూర్చుండియే ఆ వ్యాసములను రుసుము లేకుండ చదువుకొనవచ్చును.

అయితే చదువుటకు ముందు వెదకి పట్టుకొనవలెను గదా! గ్రంథాలయములో సొరుగునందలి కార్డు చూచి పుస్తకమును కనుగొనినట్లే, భాండాగారమున ప్రతి వ్యాసమునకును జతపరచిన వివరములను చూచి యంత్రము దానిని కనుగొనును. శీర్షిక, పరిశోధకుని పేరు, పర్యవేక్షకుని పేరు, విషయము, సంవత్సరము, భాష మొదలగు ఈ వివరములనే ‘మెటాడేటా’ అందురు. ఇట్టి వివరములకు 1995లో అమెరికా దేశపు ఒహాయో రాష్ట్రమున డబ్లిన్ పట్టణములో జరిగిన సమావేశమునుండి ‘డబ్లిన్ కోర్’ అను ప్రమాణ మొకటి ఏర్పడినది. అందు పదునైదు అంశములు కలవు. అంశము లెన్ని యున్నను, వాటిని నింపువాడు మనిషియే. తప్పులు అచ్చటనే పుట్టును.

తోటకు గజ్జి తెగులు సోకగా, నివారణోపాయమునకై వెదకుచున్న గూడూరు రైతు కుమారు డొకడు కలడనుకొందము. మన నిమ్మను శాస్త్రజ్ఞులు ఆంగ్లమున ‘యాసిడ్ లైమ్’ అందురు. వర్తకులు ‘లెమన్’ అందురు. వ్యాసమునకు మొదటి మాట మాత్రమే జతచేసి యుండి, ఆ పిల్లవాడు రెండవ మాటతో వెదకినచో, అది వానికి కనబడకపోవచ్చును. అభ్రకమును ‘మైకా’ యని యొకరును, ‘మస్కొవైట్’ అని యొకరును వ్రాయుటలోను ఇదే ఇబ్బంది కలదు.

ఊరి పేరు మరింత చిక్కు. ఆంగ్లాక్షరములలో గూడూరును ఒకరు రెండు ‘ఓ’లతోను, ఒకరు ‘యు’తోను వ్రాయుదురు. అంతేకాక 2022లో జిల్లాల పునర్వ్యవస్థీకరణమున గూడూరు నెల్లూరు జిల్లానుండి తిరుపతి జిల్లాలో చేర్చబడినది. అంతకు ముందటి వ్యాసములలో నెల్లూరనియు, తరువాతి వానిలో తిరుపతియనియు ఉన్నచో, రెండును ఒకే ఊరిని గూర్చినవని యంత్రమునకు తెలియజెప్పు వారెవరు?

ఇక మనుష్యుల పేర్లు. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తరువాత. ఆంగ్లపద్ధతిలో చివరి మాటయే ఇంటిపేరు. అందుచే రావులును, రెడ్లును ఆ చివరి మాటక్రిందనే గుంపుగా చేరుదురు. ఒకే పరిశోధకుడు ఒకచోట పొడి అక్షరములతోను, వేరొకచోట పూర్తి పేరుతోను ఇద్దరుగా కనబడును.

తెలుగులో వ్రాసిన వ్యాసములకు వేరొక కష్టము కలదు. యూనికోడ్ పద్ధతి కానట్టి పాత ఫాంట్లతో కూర్చినవి కంటికి చక్కని తెలుగుగానే యుండును. యంత్రమునకు మాత్రము అర్థము లేని ఆంగ్లాక్షరముల వరుస. పుటలను ఫొటోవలె స్కాను చేసియుంచిన వానిలో, అక్షరములను గుర్తించు ఏర్పాటు చేయనిచో, యంత్రమునకు ఆ పాటి అక్షరములును దొరకవు. అట్టి వ్యాసమును పట్టిచ్చునది వివరపట్టిక యొక్కటే.

దీనికి మందు కష్టమైనది కాదు. ఏండ్ల తరబడి శ్రమించిన పరిశోధకుడే ఒక పూట కూర్చుండి వివరములను తానే వ్రాయవలెను. శాస్త్రనామముతో పాటు జనులు వాడు మాటయు, ఊరితో పాటు మండలము, పాత క్రొత్త జిల్లాలును చేర్చవలెను. తెలుగు శీర్షికను తెలుగు లిపిలోను, ఆంగ్లాక్షరములలోను ఇయ్యవలెను. పేరు ఎల్లచోట్ల ఒకే తీరున నుండవలెను. ‘ఆర్కిడ్’ అను పదునారు స్థానముల గుర్తింపు సంఖ్య ఇందుకు తోడ్పడును. గ్రంథాలయాధికారి ఆమోదిత పదముల పట్టికతో వానిని సరిచూడవలెను.

గ్రంథాలయ శాస్త్రజ్ఞుడు రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రములలో పాఠకుని కాలము వృథా కారాదనునది యొకటి. బీరువాలు పోయి యంత్రములు వచ్చినను ఆ సూత్రము చెల్లుచునే యున్నది. మీ యింట వ్యాసము సమర్పించు బిడ్డ యున్నచో, బైండింగు సంగతితో పాటు ఈ వివరపట్టిక సంగతియు ఒకమాటు అడుగుడు. ఆ బిడ్డ కష్టము నిమ్మతోట రైతునకు అందుటయో, అందకపోవుటయో దానిపైననే ఆధారపడి యున్నది.