ఓటీపీ లేకుండానే మీ ఖాతాలోకి.. ఏమిటీ టోకెన్ లోపం?

ఓటీపీ కొట్టి లాగిన్ అయ్యాక చాలా యాప్‌లు మీ ఫోన్‌కు జేడబ్ల్యూటీ అనే టోకెన్ ఇస్తాయి. బస్ పాస్ లాంటిదే. సంతకం ఏ పద్ధతిలో చేశారు, మీరెవరు, చివర్లో డిజిటల్ సంతకం.. మూడూ అందులో ఉంటాయి. తర్వాత మీరు ఏ వివరం అడిగినా సర్వర్ చూసేది దాన్నే.

2015లో టిమ్ మెక్‌లీన్ అనే పరిశోధకుడు కొన్ని లైబ్రరీల్లో లోపాన్ని బయటపెట్టారు. సంతకాన్ని ఏ పద్ధతిలో సరిచూడాలో అవి టోకెన్‌లో రాసి ఉన్నదాన్ని బట్టే తేల్చుకునేవి. 'నీ పాస్ ఎలా తనిఖీ చేయమంటావ్?' అని కండక్టర్ ప్రయాణికుడినే అడిగినట్టు! పద్ధతి దగ్గర 'నన్' (ఏదీ లేదు) అని రాసి, పేరు మార్చి, సంతకం తీసేస్తే వేరొకరి ఖాతా తెరుచుకునేది.

లైబ్రరీలను సరిచేశారు. పాత వెర్షన్‌తోనే నడిచే సర్వర్లకు మాత్రం ముప్పు పోలేదు. మీరు యాప్ అప్‌డేట్ చేసినా ఇది పోదు, సర్వర్ నడిపేవాళ్లే మార్చాలి. మీ ఖాతాలో డబ్బు పోయిందా? వెంటనే 1930కి ఫోన్ చేయండి.