పర్వం నుంచి రంగస్థలానికి

తుంగభద్ర ఒడ్డున రాజోలి ఉన్న గద్వాల సీమ ఒకప్పుడు సంస్థానం. పండితులను ఆదరించి ‘విద్వద్గద్వాల’ అనిపించుకుంది. అవధానాలతో సంస్థానాలన్నీ తిరిగిన తిరుపతి వేంకట కవులు ఇక్కడా సన్మానం పొందారు. మహాభారతాన్ని నాటకాలుగా మలిచి పల్లెపల్లెకూ చేర్చిన జంట అదే.

ఇతిహాసంలో కథ చెప్పేవాడు ఉంటాడు. నాటకంలో ఉండడు, పాత్రలే మాట్లాడాలి, జరిగేది కళ్లెదుటే జరగాలి. అందుకే దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ‘పాండవోద్యోగం’ కోసం రాయబారాల ఘట్టాన్ని ఎంచుకున్నారు. అందులో యుద్ధం కన్నా వాదం ఎక్కువ. నిద్రిస్తున్న కృష్ణుడి దగ్గరికి అర్జునుడు, దుర్యోధనుడు రావడం, కౌరవసభలో కృష్ణ రాయబారం వేదిక కోసమే పుట్టినట్టు ఉంటాయి. పద్యాల్లోకి వాడుక పలుకుబడి తెచ్చారు. నటులు వాటికి రాగం జోడించారు. చదువురాని ప్రేక్షకుడికీ అవి నోటికొచ్చాయి.

ఐరోపాలోనూ ఇదే దారి.

లాటిన్ మహాకవి వర్జిల్ ‘ఈనియడ్’లోని డైడో రాణి విషాదగాథను ఇటలీలో లొడొవికో డోల్చె 1547లో నాటకం చేశాడు. ఇంగ్లండులో క్రిస్టఫర్ మార్లో రాసిన ‘డైడో’ 1594లో అచ్చయింది. వర్జిల్ కావ్యంలో చితిపై ప్రాణం తీసుకునేది డైడో ఒక్కతే. మార్లో ఆమె చెల్లెలు అన్నాను, ఆమెను కోరిన ఇయార్బస్‌ను కూడా ఆ వెంటనే చనిపోయేలా చేశాడు. కొన్ని లాటిన్ పంక్తులను మాత్రం మార్చకుండా పాత్రల నోట పలికించాడు.

మూలం మీద గౌరవం, వేదిక మీద స్వేచ్ఛ: రెండూ కలిసినచోటే పాత కావ్యం కొత్త ప్రేక్షకుడికి చేరింది. మన ఊళ్లలో పద్యనాటకం ఆడే బృందాలకు ఆదరణ తగ్గకూడదు. ప్రదర్శన ఉందని తెలిస్తే పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లండి.