మోటారుసైకిలు టైరు అరుగుదల: రహదారి, రేసు ట్రాక్ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
మోటారుసైకిలు టైరు తిరిగిన దూరాన్ని బట్టి అరుగుతుందన్నది లోకంలో స్థిరపడిన అభిప్రాయం. అరుగుదలకు ముఖ్యకారణం దూరం కాదనీ, రబ్బరుకూ రోడ్డుకూ మధ్య జరిగే జారుడు, దానితోపాటు పుట్టే వేడి అనీ ఈ వ్యాసం వివరిస్తుంది. 2013లో ఆస్ట్రేలియాలోని ఫిలిప్ ఐలాండ్‌లో జరిగిన మోటోజీపీ పందేన్ని ప్రధానోదాహరణగా తీసుకుంటుంది. టైరు చెడిపోయే భిన్నస్థితులను చెప్పడానికి తెలుగులో ఇప్పటికే ఉన్న మాటలను సందర్భానుసారంగా సూచిస్తుంది.

కీలకపదాలు: టైరు, అరుగుదల, జారుడు, రాపిడి, రేసు ట్రాక్, సాంకేతిక పదజాలం.

1. ప్రవేశిక

కావ్యభాషలో ‘అరుగు’ అంటే వెళ్లడం. వ్యవహారంలో రాపిడివల్ల క్షయించడం. చెప్పు అరుగుతుంది, కత్తి అరుగుతుంది, తిన్న అన్నమూ అరుగుతుంది. ఈ అర్థాల వ్యుత్పత్తి చర్చ ఇక్కడ అప్రస్తుతం. అయితే టైరు దగ్గరికి వచ్చేసరికి మనం మొదటి రెండర్థాలనూ ఒకటి చేసేస్తున్నాం. ఎంత వెళ్తే అంత అరుగుతుందని నమ్ముతున్నాం. దుకాణంలో కొనేవారు వేసే మొదటి ప్రశ్న కూడా ‘ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?’ అన్నదే. ఒకరి బండికి వేల కిలోమీటర్లు మన్నిన టైరు, అదే రకానిది, మరొకరు ట్రాక్ మీద కొద్దిరోజులు దూకుడుగా నడిపేసరికి పనికిరాకుండా పోతుంది. దూరాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ఈ తేడాకు సమాధానం దొరకదు.

గంధం తీసినవారికి ఇందులో సగం విషయం అనుభవంలో ఉన్నదే. చెక్కను సానరాయికి ఊరికే ఆనించి ఉంచితే గంధం రాదు. ఒత్తాలి, ఒత్తుతూ జరపాలి. రాపిడికి బలమూ కావాలి, జారుడూ కావాలి.

2. దొర్లే చక్రం ఎక్కడ జారుతుంది?

చక్రం దొర్లుతుందే గాని సానరాయి మీద చెక్కలా ఈడ్వబడదు కదా, మరి ఎందుకు అరగాలి? సమాధానం టైరు రోడ్డును తాకే చోట ఉంది. ఆ భాగం ఇంచుమించు అరచేయంత. వేగం పెంచినా, బ్రేకు వేసినా, మలుపు తిరిగినా ఆ బలమంతా ఆ కాస్త చోటు గుండానే రోడ్డుకు చేరాలి. అక్కడికి వచ్చిన రబ్బరు మొదట రోడ్డును పట్టుకుంటుంది. చక్రం దొర్లేకొద్దీ పక్కకో వెనక్కో సాగుతుంది. సాగుడు పట్టును మించగానే జారి, ఆపైన రోడ్డును వదిలి పైకి లేస్తుంది. అంటే తాకే భాగంలోనే ముందుసగం పట్టుకుని ఉండగా వెనుకకొస జారుతూ ఉంటుంది. టైరు అరిగేది ఆ కొసలోనే. తిన్నని దారిలో నిదానంగా పోయే బండికి అది అత్యల్పం. బలం పెరిగేకొద్దీ జారే మేర ముందుకు విస్తరిస్తుంది.

బలం రెట్టింపయితే ఒత్తి రాసే శక్తితోపాటు జారే దూరమూ పెరుగుతుంది. రెండూ కలిసి అరుగుదలను రెట్టింపుతో ఆపవు. రబ్బరు రాపిడిపై దీర్ఘకాలం పరిశోధించిన అడాల్ఫ్ షాలమాక్, టర్నర్‌తో కలిసి 1960లో ప్రకటించిన అధ్యయనంలో ఈ సంబంధాన్ని సూత్రీకరించాడు. దాని ప్రకారం, జారుతూ దొర్లే చక్రం అరుగుదల పక్కకు తోసే బలపు వర్గాన్ని అనుసరిస్తుంది.

దీన్ని మోటారుసైకిలుకు అన్వయించి చూడవచ్చు. స్థిరమైన మలుపులో బండి 20 డిగ్రీలు వంగితే పక్కబలం బరువులో సుమారు 0.36 వంతు. 45 డిగ్రీలు వంగితే బరువంత. బలం 2.7 రెట్లు పెరిగింది, దాని వర్గం ఏడుకు పైమాటే. ఇది స్థూలమైన లెక్క మాత్రమే. వంగిన చక్రం తన వంపు వల్లనే కొంత పక్కబలాన్ని పుట్టిస్తుంది కాబట్టి అంత మేరకు జారుడు తగ్గుతుంది. మరోవైపు, వంగినప్పుడు టైరు ఆనే అంచు ఇరుసుకు దగ్గరగా, నడిభాగం దూరంగా ఉండటంతో తాకే చోటులోని బిందువులన్నీ ఒకే వేగంతో కదలలేక కొంత రాపిడి తప్పదు. మలుపులోంచి బయటపడుతూ యాక్సిలరేటర్ తిప్పితే వెనుకటైరు మీద మరింత భారం పడుతుంది. కనుకనే దూకుడు స్వారీలో వెనుకటైరు సాధారణంగా ముందుగా పోతుంది.

3. టైరు ఉపరితలం: చదవవలసిన తీరు

అరిగిన రబ్బరు మీద చిన్నచిన్న గట్లు ఏర్పడతాయని, అవి జారుడు దిశకు అడ్డంగా ఉంటాయని షాలమాక్ 1950ల్లోనే వివరించాడు. కనుక టైరు తన స్వారీ చరిత్రను తన మీదే రాసుకుంటుంది. చదివేవారికి దాని లిపి తెలియాలి. మన వాడుకలో ‘టైరు అరిగిపోయింది’ అన్న ఒక్క వాక్యం వేర్వేరు స్థితులకు చెల్లుతోంది. వాటిలో కనీసం రెండింటిని విడదీయవలసిన అవసరం ఉంది.

టైరు లోపలిదాకా వేడెక్కకముందే బలంగా నడిపితే పైపొర మాత్రం కోతకు గురై, సన్నని ఉండలుగా చుట్టుకుని అక్కడే అంటుకుంటుంది. ఒంటికి నలుగు పెట్టి రుద్దినప్పుడు ఉండలు కట్టడం చూసినవారికి ఇంతకన్నా వివరణ అక్కర్లేదు. ‘ఉండకట్టడం’ దీనికి సహజమైన మాట. రెండోది దీనికి విపర్యయం. లోపలి రబ్బరు తట్టుకోలేనంత వేడెక్కితే అందులో వాయువు బుడగలు పుట్టి, పైపొరను ఉబ్బించి, చివరికి ఊడగొడతాయి. ఒళ్లు కాలితే వచ్చేదాన్ని బొబ్బ అంటాం. టైరుకు వచ్చేదీ బొబ్బే. కొత్త సంస్కృత సమాసం కల్పించే శ్రమ ఇక్కడ అనవసరమని నా అభిప్రాయం. ఉండకట్టిన టైరు సరిగా వేడెక్కితే మళ్లీ తేరుకోవచ్చు. బొబ్బ లేచిన టైరు తేరుకోదు. రెండింటినీ ‘అరగడం’ అంటే ఈ తేడా మరుగున పడుతుంది.

4. ఫిలిప్ ఐలాండ్, 2013

ఫిలిప్ ఐలాండ్ ట్రాక్ పొడవు సుమారు 4.45 కిలోమీటర్లు. అపసవ్యదిశలో తిరిగే దారి. 7 ఎడమ మలుపులు, 5 కుడి మలుపులు. ఎడమ మలుపుల్లో కొన్ని దీర్ఘమైనవి, అతివేగమైనవి. వెనుకటైరు ఎడమ అంచు చాలాసేపు బలానికి లోనై ఉంటుంది, చల్లబడే వ్యవధి తక్కువ. ఆ సంవత్సరపు పందేనికి ముందు ట్రాక్‌కు కొత్త ఉపరితలం వేశారు. కొత్త తారు పట్టు ఎక్కువ. పట్టు ఎక్కువైతే టైరుకు మేలని తోస్తుంది గాని, జరిగింది వేరు. పట్టు పెరిగితే రైడరు మలుపును మరింత వేగంగా తీసుకుంటాడు. దానితో పక్కబలమూ వేడీ పెరిగాయి. సాధనలోనే వెనుకటైర్ల ఎడమ అంచున బొబ్బలు లేచాయి.

2013 అక్టోబరు 20న జరిగిన పందేన్ని నిర్వాహకులు 27 ల్యాప్‌ల నుంచి 19కి తగ్గించారు. ఒక వెనుకటైరు మీద 10 ల్యాప్‌లకు మించి నడపరాదని, నడుమ బండి మార్చితీరాలని నియమం పెట్టారు. 10 ల్యాప్‌లంటే 45 కిలోమీటర్లు కూడా కావు. విజయవాడ నుంచి గుంటూరు వెళ్లి తిరిగి రావడానికి చాలని దూరం. ప్రపంచంలోని అత్యున్నత శ్రేణి టైరుకు విధించిన ఆయుష్షు అది. మార్క్ మార్కెజ్ ఒక ల్యాప్ ఎక్కువ నడిపి అనర్హుడయ్యాడు. హోర్హే లోరెంజో గెలిచాడు. ఒక ల్యాప్ ఆలస్యానికి అంత శిక్షా అనిపించవచ్చు. గంటకు 300 కిలోమీటర్ల వేగాన్ని దాటే బండికి టైరు పైపొర ఊడితే ఏమవుతుందో ఆలోచిస్తే ఆ నియమం కఠినంగా తోచదు.

5. రోడ్డుబండి ట్రాక్‌కు వెళ్లి వస్తే

తిన్నని దారుల్లో తిరిగే టైరు నడుమ అరిగి చదునవుతుంది. గుండ్రని ఆకారం పోయాక బండి మలుపులోకి ఒక్కసారిగా ఒరుగుతున్నట్టు తోస్తుంది. ట్రాక్‌కు వెళ్లిన టైరు ఇందుకు భిన్నం. అది అంచుల్లో అరుగుతుంది, నడుమ కొత్తదిలాగే ఉంటుంది.

గాలి విషయం కూడా ఇక్కడే చెప్పాలి. 30 డిగ్రీల దగ్గర 36 పి.ఎస్.ఐ. నింపిన టైరు 80 డిగ్రీలకు చేరితే, వాయుసూత్రం ప్రకారం లోపలి ఒత్తిడి దాదాపు 44 అవుతుంది. అందుకే ట్రాక్ మీద మొదట తక్కువ గాలితో మొదలుపెడతారు. అదే టైరుతో ఇంటికి వచ్చేవారు బయలుదేరేముందు మళ్లీ గాలి కొట్టించుకోవాలి.

అసలు చిక్కు పరీక్షించడంలో ఉంది. టైరు గాడులు నీటిని తప్పించడానికి. పొడినేల మీద పట్టు ఇచ్చేది రబ్బరే, కనుక రేసు టైర్లు గాడులు లేకుండా నున్నగానే తయారవుతాయి. వేగమైన బండ్ల రోడ్డు టైర్లలోనూ చాలావాటికి అంచుల్లో గాడులు ఉండవు. కొలవడానికి అక్కడ లోతే లేదు. అరుగుదల సూచికలు గాడుల్లోనే ఉంటాయి కాబట్టి, నడిభాగం చూసి ‘ఇంకా చాలా ఉంది’ అని చెప్పే మెకానిక్ అబద్ధమాడినట్టు కాదు. కాని ఆ టైరు అరిగింది మరోచోట. చక్రాన్ని మెల్లగా తిప్పుతూ రెండు అంచుల వంపునూ పోల్చిచూడాలి. ఒకవైపు చదునుగా కనిపించినా, బొబ్బ ఊడిన గుంట తగిలినా, రబ్బరు కింది దారాలు తొంగిచూసినా, నడిమి గాడి లోతు ఎంత ఉన్నా ఆ టైరు తీసివేయవలసిందే.