డేగను పట్టాలంటే ముందు పరీక్ష రాయాల

మొన్న ఎండాకాలంలో మా లైనులో పక్కింటి పిల్లోడు అట్టపెట్టెలో ఒక డేగపిల్లను పెట్టుకొని మా ఇంటికి వచ్చినాడు. "పెదనాయనా, అమెరికాలో అన్న సాకుతా ఉండాడు కదా, నేనూ సాకుతా. ఎట్ల నేర్పాలో అన్నను అడుగు" అన్నాడు.

తప్పు వాడిది కాదు. మా పెద్దోడు చేతిమీద డేగను కూర్చోబెట్టుకొన్న ఫోటోను మిల్లులో అందరికీ చూపించింది నేనే. ఆ ఫోటో వెనక ఉన్న కత మాత్రం ఎవరికీ చెప్పలేదు. అందుకే ఈ నెల రాస్తా ఉండాను.

మా జేజినాయనది రాయదుర్గం తాలూకా. ఆయప్ప పుట్టినప్పుడు అది బళ్ళారి జిల్లానే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాయదుర్గం, ఆదోని, ఆలూరు తాలూకాలు ఆ పక్కకు పోయినాయి. బళ్ళారి మైసూరు రాష్ట్రంలోకి వచ్చింది. వయసులో ఉన్నప్పుడు ఆయప్ప ఒక భూస్వామి ఇంట్లో జాలెడేగను సాకే పని చేసినాడు. దాన్ని చేతిమీద మోసుకొని పోయి, పొదల్లోంచి పూరేడు పిట్ట లేస్తూనే విసిరేవాడంట. డేగ రొమ్ము ఎముకను వేలితో తడిమి, "ఈ పొద్దు ఆకలి మీద ఉండాది, ఎగురుతాది" అనో, "కడుపు నిండింది, చెట్టెక్కి కూర్చుంటాది" అనో చెప్పేవాడు. సాళువ అన్నా డేగే. 1485లో విజయనగరం సింహాసనం ఎక్కిన సాళువ నరసింహరాయల ఇంటిపేరులో ఉండేది ఆ మాటే అని కూడా ఆయప్పే చెప్పినాడు.

ఈ కతలన్నీ మా పెద్దోడు జేజినాయన పక్కన పండుకొని విన్నోడే. కానీ కంటితో చూసింది లేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మన దేశంలో డేగను పట్టడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం. జైలు కూడా పడొచ్చు.

నేను ముప్పై ఏండ్లు జిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేసినాను. బ్యాంకులో అప్పు తీసి పెద్దోన్ని ఇంజనీరింగు చదివించినాం. వాడు ఉద్యోగం మీద టెక్సాసు పోయినాడు. పోయిన మొదటి చలికాలంలోనే ఒక రాత్రి ఫోను చేసి, "నాయనా, రోడ్డు పక్కన రెక్క దెబ్బతిన్న డేగ దొరికింది, ఇంటికి తెచ్చుకొన్నాను" అన్నాడు. నాకు జేజినాయన గుర్తొచ్చి సంబరమైంది. "మాంసం సన్నగా కోసి పెట్టు" అని నేనే సలహా ఇచ్చినాను.

తెల్లారి మళ్ళీ ఫోను. ఈసారి గొంతు వణుకుతా ఉండాది. వలస పక్షుల కోసం ఆ దేశంలో 1918 నాటి చట్టం ఒకటి ఉండాదని, పర్మిట్టు లేకుండా డేగను కాదు గదా, దాని ఈకను పెట్టుకొన్నా నేరమేనని ఆఫీసులో తోటివాడు చెప్పినాడంట. వీసా మీద ఉన్నోని మీద కేసు పడితే ఏం గతి? మా అప్పు ఇంకా సగం కూడా తీరలేదు. ఆ పొద్దు మా ఇంట్లో పొయ్యి ముట్టించలేదు. మా ఆమె నాతో మాట్లాడలేదు.

దేవుని దయ, వాడు ఆ పొద్దే దాన్ని తీసుకపోయి, దెబ్బతిన్న పక్షులకు వైద్యం చేసే పర్మిట్టు ఉన్న ఒక పెద్దామెకు అప్పగించినాడు. ఆమె కోప్పడలేదు. "అంత ఇష్టముంటే దొడ్డిదారి ఎందుకు? లైసెన్సు తీసుకో" అని చెప్పిందంట.

ఆ లైసెన్సు సంగతి వింటే మన మిల్లులో బాయిలరు పరీక్షే నయం అనిపిస్తాది. 2014 నుంచి ఆ దేశంలో డేగవేట పర్మిట్లు ఇచ్చేది రాష్ట్రాలే. టెక్సాసులో అయితే పార్కులు, వన్యప్రాణుల శాఖ. మొదట రాత పరీక్ష. నూటికి ఎనభై మార్కులు రావాల. పక్షి జాతులు, రోగాలు, మేత, చట్టం అన్నీ అడుగుతారు. వేరే దేశంలో డేగవేట చేసి అక్కడికి పోయి స్థిరపడినోళ్ళకూ ఈ పరీక్ష తప్పదు. అది పాసయినాక వాళ్ళ అనుభవం చూసి ఏ మెట్టు ఇవ్వాలో రాష్ట్రం తేలుస్తాది. మావోనికి ఉన్న అనుభవం జేజినాయన కతలే కాబట్టి, మొదటి మెట్టయిన అప్రెంటిసుతో మొదలుపెట్టినాడు.

అప్రెంటిసుకు ఒక గురువు ఉండాల. ఆ గురువుకు పద్దెనిమిదేండ్లు నిండి, రెండో మెట్టులో కనీసం రెండేండ్ల అనుభవం ఉండాల. మావోడు నలుగురిని అడిగితే ముగ్గురు కాదన్నారు. నాలుగో ఆయన ఆరు నెలలు తన వెంట తిప్పుకొని, పెంట ఎత్తించి, అప్పుడు సంతకం పెట్టినాడు. తర్వాత పక్షికి గూడు కట్టాల, అధికారి వచ్చి తనిఖీ చేయాల. కూర్చునే కొయ్య, కాళ్ళకు తోలుపట్టీలు, స్నానానికి తొట్టి, పదిహేను గ్రాముల తేడా కూడా చూపించే త్రాసు, అన్నీ ఉండాల. జేజినాయన వేలితో చూసిందే వాళ్ళు త్రాసుతో చూస్తారు.

ఇంత చేస్తే అప్రెంటిసుకు ఇచ్చేది ఒక్క పక్షే. ఎర్రతోక డేగల్లో ఏడాది నిండని దాన్ని పట్టుకొన్నాడు. పట్టిన పది రోజుల్లోగా సర్కారుకు తెలపాల. రెండేండ్లు అప్రెంటిసుగా ఉంటే రెండో మెట్టు, అందులో ఐదేండ్లు గడిస్తే మాస్టరు.

మన జనం ఎక్కువగా పోయే గల్ఫులోనూ అంతే. ఎమిరేట్సులో డేగకు మనిషికి మాదిరే పాస్‌పోర్టు ఉంటాది. అబుదాబిలో డేగల కోసమే 1999లో ఆసుపత్రి పెట్టినారు. 2010లో డేగవేటను యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. గౌరవం ఉన్న చోట కూడా కాగితం లేకుండా పని జరగదు.

రెండు చలికాలాలు సాకి, మావోడు ఆ డేగను ఎండాకాలం రాకముందే వదిలేసినాడు. అడవిలో డేగపిల్లలు మొదటి ఏడు దాటకుండా చచ్చేవే ఎక్కువంట. ఆ గండం దాటించి పంపినాను అన్నాడు. అన్నాడే గానీ ఫోనులో ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు పక్కింటి పిల్లోని సంగతి. మావోనికి ఫోను చేస్తే ఒకటే మాట చెప్పినాడు: "వెంటనే గూట్లో పెట్టేయండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తాదనేది వట్టి మాట." మిల్లు నిచ్చెన తెచ్చి, తలకు టవలు చుట్టుకొని వేపచెట్టు ఎక్కినాను. తల్లి అరుచుకొంటా మీదికి రెండుసార్లు దూకింది. పిల్లను గూట్లో పెట్టి దిగినాను.

"అయితే మనకు లైసెన్సు లేదా పెదనాయనా?" అని వాడు అడిగినాడు. మన దగ్గర దానికి లైసెన్సు లేదు నాయనా అని చెప్పినాను. చూసేదానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ పొద్దు నుంచి బడి నుంచి వస్తూనే వేపచెట్టు కిందికి పోయేవాడు. నెల తిరక్కుండానే పిల్ల ఎగిరింది. తేదీ రాసిపెట్టుకొన్నాడు.

మీ లైనులో పిల్లోళ్ళు గూట్లోంచి డేగపిల్లను దించితే కొట్టొద్దండి. వాళ్ళతోనే మళ్ళీ గూటికి చేర్పించండి. దెబ్బతిని ఉంటే అట్టపెట్టెలో చీకటిగా పెట్టి, నీళ్ళు బలవంతంగా పోయకుండా, ఆ పొద్దే అటవీశాఖకు అప్పగించండి. నా మాదిరి మాంసం కోసి పెట్టమని సలహాలు ఇవ్వొద్దండి.