యాత్రల ఋతువులు – మూడు క్యాలెండర్ల లెక్క

సముద్రమునకు ఆటుపోట్లు ఉన్నట్లే యాత్రల వ్యాపారమునకును ఆటుపోట్లు కలవు. సంవత్సరములో కొన్ని వారములు టూరు ఆపరేటరు కార్యాలయమున నిలుచుటకు చోటు దొరకదు. మరికొన్ని వారములు టెలిఫోను మ్రోగదు. ఈ హెచ్చుతగ్గులు ఎప్పుడు, ఏ కారణమున కలుగుచున్నవో పాత పుస్తకములనుండి గ్రహించి, రాబోవు సీజనుకు సిద్ధపడుటనే బుకింగుల విశ్లేషణ అందురు. ఇది పెద్ద కంపెనీల వ్యవహారమని పలువురు తలచెదరు. కాని ఇద్దరు గుమాస్తాలు, రెండు బస్సులు గల చిన్న వ్యాపారికే దీని అవసరము ఎక్కువ. హోటలు గదులకు, విమానపు సీట్లకు ఆయన ముందుగా చెల్లించిన బయానా ఒక్క సీజనులో మునిగినను తేరుకొనుట కష్టము.

మాకు తెలిసిన ఒక చిన్న ట్రావెల్స్ యజమాని ఉమ్రా యాత్రికులను పంపుచు, వేసవిలో కుటుంబములను విహారయాత్రలకు తీసికొనిపోవుచుందురు. వారు 2025 ఏప్రిల్ పుస్తకమును 2023 ఏప్రిల్ పుస్తకముతో పోల్చి చూచుకొని, ఉమ్రా వ్యాపారము పడిపోయినదని దిగులుపడిరి. ఖర్చు తగ్గించుటకై ఒక గుమాస్తాను మాన్పింపవలెనని కూడ తలచిరి. వాణిజ్యశాస్త్రము చదువుకొనుచున్న మేము వారి అనుమతితో ఆ పుస్తకములను మరల పరిశీలించితిమి. పొరపాటు పోలికలో ఉన్నదని తేలినది.

మన దేశమున 2023లో రంజాన్ మాసము మార్చి 24 నుండి ఏప్రిల్ 21 వరకు నడచినది. 2024లో మార్చి 12న, 2025లో మార్చి 2న మొదలైనది. 2025 మార్చి 31న ఈదుల్ ఫిత్ర్ జరిగినది. అనగా 2023 ఏప్రిల్‌లో 21 దినములు రంజాన్‌లోనివి. 2025 ఏప్రిల్‌లో ఒక్క దినము కూడ లేదు. రంజాన్‌లో ఉమ్రా చేయుటకు ముస్లింలు ఎక్కువగా ఆశపడుదురు గనుక, యాత్రికులు ఏప్రిల్ నుండి మార్చికి జరిగిరి. హిజ్రీ సంవత్సరమునకు 354 లేక 355 దినములే. కావున ప్రతి యేడు ఈ మాసములు 10, 11 దినములు ముందుగా వచ్చుచు, సుమారు 33 సంవత్సరములలో ఋతువులన్నిటిని చుట్టి వచ్చును. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి రంజాన్ రానున్నది.

ఇది మొదటి క్యాలెండరు. రెండవది సూర్యుని అనుసరించునది. సంక్రాంతి జనవరి 14 లేక 15న వచ్చును. ఉభయ తెలుగు రాష్ట్రములలో పాఠశాలల వేసవి సెలవులు ఏప్రిల్ చివర మొదలై జూన్ రెండవ వారమువరకు ఉండును. అరకు లోయకు, లంబసింగి పొగమంచును చూచుటకు జనులు చలికాలమున పోవుదురు. వర్షాకాలమున గోదావరికి వరద వచ్చినచో పాపికొండల పడవలు నిలిచిపోవును. ఈ ప్రయాణములను ఏప్రిల్‌తో ఏప్రిల్, డిసెంబరుతో డిసెంబరు పోల్చుట సబబే.

మూడవది చాంద్రమాసములను సూర్యునితో సరిపెట్టు మన తెలుగు పంచాంగము. ఇందు 19 సంవత్సరములలో 7 పర్యాయములు అధికమాసము వచ్చును. అందుచేత పండుగలు మూడు, నాలుగు వారముల పరిధిలో ముందు వెనుకలగుచుండును. విజయదశమి 2022లో అక్టోబరు 5న వచ్చినది. 2023లో అధిక శ్రావణము రాగా అక్టోబరు 23, 24 తేదీలకు పోయినది. 2025లో తిరిగి అక్టోబరు 2నే వచ్చినది. దీపావళి తరువాత వచ్చు భాయీదూజ్ నాడు కేదారనాథ ఆలయము మూసివేయుదురు గనుక, ఉత్తరాది యాత్రల ముగింపు తేదీయు ఇట్లే మారుచుండును. ఆషాఢమున పెండ్లిండ్లు ఉండవు. పెండ్లివారికి పోయెడి బస్సులు ఆ నెలలో ఖాళీగా దొరకును.

ఇవిగాక ఏటేటా రాని సంఘటనలు కొన్ని కలవు. మేడారం జాతర రెండేండ్ల కొకసారి వచ్చును. 2022, 2024, 2026 సంవత్సరములు దానివి. ఒక్కొక్క నదికి పుష్కరములు 12 ఏండ్ల కొకసారి వచ్చును. గోదావరికి 2015లో జరిగినవి. మరల 2027లో జరుగవలసియున్నవి. కరోనా వ్యాధి కారణమున 2020 ఫిబ్రవరి 27 నుండి విదేశీయుల ఉమ్రా యాత్ర కొంతకాలము నిలిపివేయబడినది. ఇట్టి సంవత్సరముల అంకెలను మామూలు సంవత్సరములతో కలిపి సగటు తీయరాదు. వాటిని వేరు పుటలో ఉంచవలెను.

ఇక పుస్తకము వ్రాయవలసిన పద్ధతిని చెప్పెదము. ప్రతి బుకింగునకు రెండు తేదీలు వ్రాయవలెను: డబ్బు కట్టిన తేదీ, ప్రయాణపు తేదీ. ఈ రెంటి నడుమ ఎన్ని దినములో లెక్కించినచో జనులు ఎంత ముందుగా నిశ్చయించుకొనుచున్నారో తెలియును. ఉదాహరణకు 40 సీట్ల బస్సు ఒకటి ఉన్నదనుకొందము. వెనుకటి యేడు బయలుదేరుటకు 30 దినముల ముందు 20 సీట్లు అమ్ముడుపోయి, చివరకు బస్సు నిండినది. ఈ యేడు అదే దూరమున 12 సీట్లే పోయినవి. అదే పోకడ సాగినచో చివరకు 24 సీట్లు నిండవచ్చును. అట్టి సమయమున గదులకు మరింత బయానా కట్టుట వివేకము కాదు. అయితే ఒక్క సంవత్సరమును నమ్మరాదు. కనీసము మూడు సంవత్సరములైనను చూడవలెను. నియమములు మారినను ఈ దూరము మారును. రైల్వేవారు ముందస్తు రిజర్వేషను గడువును 2024 నవంబరు 1 నుండి 120 దినములకు బదులు 60 దినములు చేసిరి. రైలు యాత్రల బుకింగులు ఆలస్యముగా వచ్చుటకు అదియు ఒక కారణము కావచ్చును.

మరి రెండు గడులు తప్పక ఉండవలెను. ఒకటి రద్దు చేసికొన్నవారిది. రెండవది సీటు లేక తిరిగిపోయినవారిది. దీనిని వ్రాయువారు అరుదు. బస్సులో 40 సీట్లే ఉన్నప్పుడు నూరుగురు అడిగినను పుస్తకమున 40 అనియే ఉండును. ఆ తిరిగిపోయిన 60 మందిని వ్రాసికొననివారికి రెండవ బస్సు అవసరము ఎన్నటికిని తెలియదు.

ఈ క్యాలెండర్లు ఒకదానిపై నొకటి వచ్చు సమయములను ముందే గుర్తింపవలెను. నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ ముహర్రం మాసములో జరుగును. హిందువులు, ముస్లింలు కలసి చేసికొను ఈ పండుగ 2024లోను, 2025లోను జులైలో వచ్చినది. లెక్క ప్రకారము 2029 నాటికి అది మే నెల చివరకు, అనగా పాఠశాలల సెలవులలోనికి వచ్చును. కుటుంబములు పిల్లలతో బయలుదేరుటకు వీలుండును. గదులకు, బస్సులకు గిరాకి పెరుగును. ఎండ తీవ్రత గనుక నీరు, నీడ ఏర్పాట్లును ఎక్కువ కావలసియుండును. నేటినుండి ఆలోచించువాడు ఆనాడు తడబడడు.

మేము చూచిన కార్యాలయమున మార్చి, ఏప్రిల్ పుస్తకములు కలిపి, రంజాన్‌ను రంజాన్‌తో పోల్చగా ఉమ్రా యాత్రికుల సంఖ్య తగ్గలేదని తేలినది. గుమాస్తా తన పనిలోనే ఉన్నాడు. ఒక తప్పు పోలిక ఒక ఇంటి జీవనాధారమును తీసివేయగలదని మాకు అప్పుడు బోధపడినది.

మన కళాశాలలో ఉర్దూ క్యాలెండరు చదువగల వారును, తెలుగు పంచాంగము చూడగల వారును ఒకే బల్లపై కూర్చుందురు. ఇట్టి లెక్కకు ఇంతకన్న అనువైన చోటు ఏది? వాణిజ్యశాస్త్ర విద్యార్థులు మన ఊరి చిన్న ఆపరేటర్లకు ఇటువంటి పుస్తకములు తయారుచేసి ఇచ్చుటకు కమిటీవారు అవకాశము కల్పింపవలెనని కోరుచున్నాము. అట్లే కళాశాల విజ్ఞానయాత్ర తేదీని కనీసము రెండు నెలల ముందుగా, మూడు క్యాలెండర్లను చూచి నిర్ణయించినచో, రైలు సీట్లు దొరకును; ఉపవాసములకును, పండుగలకును, పరీక్షలకును అడ్డురాకుండ విద్యార్థులందరును కలసి పోగలుగుదురు.