కలలో గొడుగు కనిపిస్తే

కలలో గొడుగు కనిపించడం మంచిదా, చెడ్డదా? మన పాత గ్రంథాల మాట మంచిదనే. వాగ్భటుడు అష్టాంగహృదయంలో శుభస్వప్నాలను చెబుతూ గొడుగునూ అద్దాన్నీ పక్కపక్కనే చేర్చాడు. వాటిని కలలో చూసినా, అందుకున్నా ఆరోగ్యం, ఆయుష్షు, సంపద కలుగుతాయన్నాడు. వైద్యగ్రంథంలో కలల గొడవ ఎందుకంటే, రోగి కోలుకుంటాడో లేదో తేల్చేటప్పుడు ఆనాటి వైద్యులు అతనికొచ్చిన కలలను కూడా అడిగి తెలుసుకునేవారు.

అయితే ఆ గొడుగు వానాకాలంలో మనం చంకన పెట్టుకు తిరిగే నల్ల గొడుగు కాదు. రాజు తలపై పట్టే వెల్లగొడుగు. పూజలో దేవుడికి ఛత్రచామరాలు సమర్పించేదీ ఆయన్ను రాజుగా భావించే.

దీన్ని బాగా పట్టిచ్చేది రామాయణం సుందరకాండలో రాక్షసి త్రిజటకు వచ్చిన కల. రావణుడు బోడితలతో, ఒంటినిండా నూనెతో దక్షిణ దిక్కుగా పోతూ కనిపిస్తాడామెకు. లంకలో విభీషణుడొక్కడే తెల్లగొడుగు కింద ఉంటాడు. చివరికి లంకకు రాజైందీ అతనే. మహాభారతం ఉద్యోగపర్వంలో కర్ణుడు కృష్ణుడికి తన కల చెప్పుకుంటాడు. నకుల సహదేవులు, సాత్యకి అందులో తెల్లని గొడుగులతో, తెల్లని బట్టలతో ఉంటారు. యుద్ధం ముగిశాక ఆ ముగ్గురూ ప్రాణాలతో మిగిలారు. రెండు కథల్లోనూ గొడుగు నీడన ఉన్నవాడు బతికి బట్టకట్టాడు. తెలుపు ఎంత ముఖ్యమో కూడా ఇక్కడే తెలుస్తుంది.

గొడుగూ చెప్పులూ దొరికినట్టు కలొస్తే ప్రయాణం ఉందని స్వప్నాధ్యాయాల్లో మరో ఫలం చెప్పారు. కాలినడకన ఊళ్లు తిరిగిన రోజుల్లో ఎండకు ఆ రెండే దిక్కు కనుక ఈ ఫలం నాకు చాలా సహజంగా తోస్తుంది. పెళ్లిలో కాశీయాత్రకు బయల్దేరే వరుడి చేతిలో గొడుగు, పోయినవారి పేరిట ఇచ్చే గొడుగు, చెప్పుల దానం ఈ ఆలోచనకు దగ్గరివే.

ఇంతకన్నా ముఖ్యమైన మాట వైద్యాచార్యుడు చరకుడిది. ఆయన కలలను ఏడు రకాలుగా విడదీశాడు. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి కలల్లోకి వస్తే వాటికి ఫలం లేదన్నాడు. పగటి కలకూ అంతే. సాయంత్రం వానలో గొడుగు తిరగబడి తడిసి వచ్చినవారికి రాత్రి అదే కలలోకొస్తే, అది చూసినదాని నీడ మాత్రమే.

విరిగిన గొడుగు కనిపించిందని ఎవరైనా భయపెట్టి శాంతులు, హోమాలంటే వెంటనే డబ్బు తీయకండి. చెడ్డ కల వస్తే మళ్లీ నిద్రపొమ్మని అగ్నిపురాణమే చెప్పింది. ముందు ఆ పని చేయండి.