సోది ఆపరా!

మన హాస్టల్లో పొద్దున స్నానాల క్యూ దగ్గర మొదలై రాత్రి స్టడీ అవర్ దాకా వినబడే మాట 'సోది'. ఎవరైనా సినిమా కథ సాగదీస్తే "సోది ఆపరా" అంటాం. సభలో ఉపన్యాసం పొడుగైతే "ఒకటే సోది" అని గుసగుసలాడతాం. పనికిరాని మాటలు, విసుగు పుట్టించే మాటలు అని మన అర్థం. కానీ ఈ మాట ఆ అర్థంతో పుట్టలేదు.

సోది అంటే జోస్యం. సోదె అని కూడా అంటారు. ఎరుకల స్త్రీలు చంకలో బుట్ట, చేతిలో కర్రతో "సోది చెబుతామమ్మా" అంటూ ఊరూరా తిరిగేవారు. దీన్నే 'ఎరుక చెప్పడం' అన్నారు. ఎరుక అంటే తెలిసి ఉండటం. పెళ్ళి కుదరని ఇంటివారు, ఎద్దు తప్పిపోయిన రైతు, బిడ్డకు జబ్బు చేసిన తల్లి వారిని పిలిచి అడిగేవారు. ఆమె దేవతలను తలచుకుని, చెయ్యి చూసి, రాగం తీస్తూ చాలాసేపు చెప్పేది. ప్రతిఫలం చాటెడు గింజలు.

సోదికి పోతే పాత గుట్టంతా బయటపడిందని పెద్దలు సామెతగా చెబుతారు. అంటే ఆ సామెతలో సోది నిజాన్ని బయటికి లాగేది. నేడు అదే మాట నిజం లేని కబుర్లకు పేరైంది! చదువులు పెరిగి జోస్యం మీద నమ్మకం తగ్గింది. నమ్మినవారికి దైవవాక్కుగా తోచిన ఆ పొడుగాటి రాగం నమ్మనివారికి తెగని ముచ్చటగా మిగిలింది.

మిత్రులారా! సోదిని నమ్మమని మేము చెప్పడం లేదు. జబ్బు చేస్తే ఆసుపత్రికే వెళ్ళాలి. కానీ బ్రిటిష్ పాలనలో ఎరుకలవారిని నేరస్థ జాతుల చట్టం కిందకు తెచ్చి, పుట్టుకతోనే దొంగలన్న ముద్ర వేశారు. దేశంలో ఆ చట్టం 1952లో రద్దయింది. అంతటి అవమానం మధ్య కూడా ఆ తల్లులు ఎండలో నడిచి, గొంతు అరగదీసుకుని పిల్లల కడుపు నింపారు. వారి మనవలు నేడు మన పక్క మంచాల మీదే చదువుకుంటున్నారు.

కనుక కబుర్లను సోది అన్నా, మనిషిని మాత్రం 'సోదోడు' అని వెక్కిరించవద్దు. ఇంకా రాస్తే మమ్మల్నే "సోది ఆపండి" అంటారు కాబట్టి సెలవు!